జేన్ ఎయిర్ జమాఖర్చులు

జేన్ ఎయిర్‌ని ప్రేమకథ అంటారు. ప్రేమకథే, కాదనను. కానీ చేతిలో పెన్సిల్ పట్టుకుని చదివితే, ఆ నవల్లో ఎవరైనా ఎవరినైనా ప్రేమించిన చోటల్లా పక్కనే ఒక అంకె కనిపిస్తుంది. జేన్ పెరిగిన లోవుడ్ అనాథల బడికి ఫీజు ఏడాదికి 15 పౌండ్లు. గవర్నెస్‌గా ఆమె జీతం 30 పౌండ్లు, అదీ ఏడాదికే. పెళ్ళి ఆగిపోయి తెల్లారకముందే ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు పర్సులో ఉన్నవి 20 షిల్లింగులు. మదీరా దీవిలో చనిపోయిన బాబాయి వదిలిన ఆస్తి 20,000 పౌండ్లు. (ఇంగ్లీషు అంకుల్ కాబట్టి బాబాయో పెదనాన్నో చెప్పలేం. బాబాయి అనుకుందాం.) ఇక మేడ మీద తాళం వేసిన గదిలో ఉన్న బెర్తా పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొమ్ము 30,000 పౌండ్లు.

ఈ అంకెలు నేను తవ్వి తీసినవి కావు. జేనే చెబుతుంది. ఎవరు ఎవరికి ఎంత బాకీయో గుర్తుపెట్టుకునే మనిషి ఆమె. నాకు జేన్ నచ్చడానికి అదొక పెద్ద కారణం. ఆ నవల్లో నన్ను ఇబ్బంది పెట్టేది కూడా ఆ లెక్కల్లోనే ఉంది. ఇప్పటికి మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అవే పేజీల దగ్గర సంతోషపడ్డాను, అవే పేజీల దగ్గర మనసు చివుక్కుమంది. ఈ రెండూ ఎందుకు విడిపోవో చూద్దామని, నవలనీ అది పుట్టిన కాలపు చట్టాలనీ డబ్బునీ పక్కపక్కన పెట్టి చూశాను.

చదవనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్పాలి. 1847 నాటి నవలకి స్పాయిలర్ అలర్ట్ పెట్టమంటే పెడతాను. తల్లీతండ్రీ లేని జేన్ మేనమామ భార్య ఇంట్లో చీవాట్లు తింటూ పెరుగుతుంది. లోవుడ్ బడిలో చదువుకుని, అక్కడే టీచరై, తర్వాత థార్న్‌ఫీల్డ్ అనే పెద్ద ఇంట్లో అడెల్ అనే పాపకి గవర్నెస్‌గా చేరుతుంది. యజమాని రాచెస్టర్‌తో ప్రేమ, పెళ్ళి దాకా వస్తుంది. చర్చిలో ఒక లాయరు లేచి, ఈయనకి ఇదివరకే పెళ్ళయింది, భార్య బతికే ఉంది అంటాడు. ఆ భార్య జమైకా నుంచి వచ్చిన బెర్తా. మతి తప్పిందని థార్న్‌ఫీల్డ్ పై అంతస్తులో బంధించి ఉంచారు. భార్యలా నాతో ఉండిపో, ఫ్రాన్స్‌కి పోదాం అంటాడు రాచెస్టర్. జేన్ కాదని వెళ్ళిపోతుంది. ఆకలితో దాదాపు చచ్చిపోబోతూ ఒక ఇంటి గుమ్మంలో పడితే, వాళ్ళు తన మేనత్త పిల్లలేనని తర్వాత తెలుస్తుంది. ఆస్తి కలిసొస్తుంది. ఈలోగా బెర్తా ఇల్లు తగలబెట్టి పైనుంచి దూకి చనిపోతుంది. ఆ మంటల్లో చూపూ ఒక చెయ్యీ పోగొట్టుకున్న రాచెస్టర్‌ని జేన్ వెతుక్కుంటూ వెళ్ళి పెళ్ళి చేసుకుంటుంది.

రాసినావిడకి లెక్కలు ఎక్కడ నుంచి అబ్బాయో చెప్పడం కష్టం కాదు. షార్లట్ బ్రాంటీ 1816లో పుట్టింది. యార్క్‌షైర్ కొండల్లో హావర్త్ అనే ఊరి చర్చి ఫాదరు కూతురు. ఇల్లు చర్చిది, నాన్న పోయిన రోజున ఖాళీ చెయ్యాల్సిందే. 1824లో ఆమెనీ అక్కచెల్లెళ్ళనీ కోవన్ బ్రిడ్జ్‌లోని పేద పాస్టర్ల కూతుళ్ళ బడిలో వేశారు. మరుసటి ఏడాది పెద్దక్కలిద్దరూ, మరియా, ఎలిజబెత్, క్షయతో పోయారు. లోవుడ్ ఆ బడే. పెద్దయ్యాక షార్లట్ కూడా గవర్నెస్ పనే చేసింది. 1841లో ఒక ఇంట్లో జీతం పేరుకి 20 పౌండ్లు. బట్టల ఉతుకుడు కింద నాలుగు పౌండ్లు కోసుకుంటే చేతికొచ్చేది 16. మన పే స్లిప్పుల్లో డిడక్షన్ల కాలమ్ చూసి నిట్టూర్చేవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

1842లో వాళ్ళని పెంచిన పెద్దమ్మ ఎలిజబెత్ బ్రాన్‌వెల్ చనిపోయింది. తన దాపుడు సొమ్ము నలుగురు ఆడపిల్లలకి సమానంగా రాసింది: షార్లట్, ఎమిలీ, ఆన్, ఇంకో అక్కచెల్లెలి కూతురు. ఒక్కొక్కరికి సుమారు 300 పౌండ్లు వచ్చాయి. బ్రాంటీ అమ్మాయిలు ఆ డబ్బు రైల్వే షేర్లలో పెట్టారు. ఐదేళ్ళ తర్వాత వచ్చిన నవల్లో జేన్ తన 20,000ని సరిగ్గా నాలుగు భాగాలు చేసి పంచుతుంది. పెద్ద మొత్తం చేసి రాసింది గానీ నాలుగు వాటాల సంగతి షార్లట్‌కి ఇంట్లో జరిగినదే.

నవల 1847 అక్టోబర్‌లో కరర్ బెల్ అనే మగపేరుతో మూడు భాగాలుగా వచ్చింది. ప్రచురించినది లండన్‌లోని స్మిత్ ఎల్డర్ కంపెనీ. కాపీరైట్ కింద మొదట 100 పౌండ్లు ఇచ్చారు, పుస్తకం అమ్ముడుపోయాక ఇంకా కలిపి మొత్తం 500 చేశారు. జేన్ జీతంతో కొలిస్తే పదహారేళ్ళ పైచిలుకు కష్టం.

నాకిష్టమైన పేజీల గురించి చెప్పకుండా ముందుకి వెళ్తే అన్యాయం. జేన్‌కి చావు బతుకుల్లో ఉన్న అత్తని చూడ్డానికి సెలవు కావాలి, డబ్బు కావాలి. జీతం ఇంకా ఇవ్వలేదు. రాచెస్టర్ 50 పౌండ్ల నోటు తీసి ఇస్తాడు. మీరు నాకు ఇవ్వాల్సింది పదిహేనే, నా దగ్గర చిల్లర లేదు అంటుంది. చిల్లర అక్కర్లేదంటాడు. తన జీతం తనకి ఇవ్వమంటుంది. ఆయనకి అప్పుడు తడుతుంది, యాభై ఇస్తే ఈ పిల్ల మూడు నెలలు అక్కడే ఉండిపోతుందేమోనని. పది చేతిలో పెడతాడు. ఇంకా ఐదు బాకీ ఉన్నారు అని గుర్తు చేస్తుంది. దాని కోసం తిరిగి రా అంటాడు. ప్రేమిస్తున్నానన్న మాట ఇద్దరూ ఇంకా నోటితో అనలేదు. ఐదు పౌండ్ల బాకీ మీద నడిచిన ఇంత మంచి ప్రేమ సన్నివేశం నేను ఇంకోటి చదవలేదు.

రెండోది, పెళ్ళి ముందు బట్టల కొట్టు. రాచెస్టర్ ఆమెకి ఖరీదైన పట్టుబట్టలు కొనిపెట్టాలని ముచ్చటపడుతుంటే, బొమ్మకి సింగారించినట్టు ఉందని జేన్‌కి ఒళ్ళు మండుతుంది. తనకంటూ కాస్త డబ్బు ఉంటే ఈ అవమానం ఉండదు కదా అనుకుని, మదీరా బాబాయికి ఉత్తరం రాయాలని అక్కడికక్కడే నిర్ణయించుకుంటుంది. కథ మొత్తం ఆ ఉత్తరం మీదే తిరుగుతుంది. ఆ ఉత్తరం చేరినప్పుడు బెర్తా సోదరుడు మేసన్ అక్కడే ఉంటాడు. పెళ్ళి సంగతి అలా బయటపడి, లాయరు చర్చికి వస్తాడు. అంటే జేన్ పెళ్ళిని ఆపింది విధీ కాదు, దెయ్యాల నవ్వూ కాదు. సొంత డబ్బు కావాలన్న జేన్ కోరికే ఆపింది. ప్లాట్ ఇంత శుభ్రంగా ముడిపెట్టినందుకు షార్లట్‌కి దండం పెట్టాలనిపిస్తుంది.

మూడోది, పారిపోయిన రాత్రి. బండివాడు 30 షిల్లింగులు అడుగుతాడు. ఆమె దగ్గర 20 ఉన్నాయి, అవన్నీ ఇచ్చేస్తుంది. ఆ డబ్బుకి తగినంత దూరం తీసుకెళ్ళి, తెలియని నాలుగు దార్ల కూడలిలో దించేస్తాడు. మూట బండిలోనే మర్చిపోతుంది. తర్వాత ఒక రొట్టె కోసం చేతిరుమాలూ గ్లవ్సూ ఇస్తానని దుకాణంలో బతిమాలుతుంది, పందికి పారబొయ్యబోతున్న గంజి అడుక్కుని తింటుంది. ఆత్మగౌరవం గురించి అంతకు ముందు చెప్పిన పెద్ద మాటలకి ఎంత ఖర్చవుతుందో ఇక్కడ చూపించింది. సినిమాగా తీసినప్పుడల్లా ఈ భాగాన్ని కురిపించేస్తారు, నాకు మాత్రం నవలకి వెన్నెముక ఇదే.

ఇక ఇబ్బంది పెట్టే పేజీలు. రాచెస్టర్ విడాకులు ఎందుకు తీసుకోలేదు? అప్పటి ఇంగ్లండ్‌లో మళ్ళీ పెళ్ళి చేసుకునే వీలున్న విడాకులు కావాలంటే పార్లమెంటులో మీ ఒక్కరి కోసం ప్రత్యేకంగా చట్టం పాస్ చేయించుకోవాలి. 1857కి ముందు అలా వచ్చిన విడాకులు మొత్తం కలిపి మూడు వందల పైచిలుకు. అందులో ఆడవాళ్ళు తెచ్చుకున్నవి నాలుగంటే నాలుగు. భార్య వ్యభిచారం రుజువు చేస్తే భర్తకి దారి ఉండేది. పిచ్చి మాత్రం కారణం కాదు. 1857లో కోర్టుల్లో విడాకులు ఇచ్చే చట్టం వచ్చినా, పిచ్చి కారణంగా విడాకులు ఇంగ్లండ్ ఒప్పుకోవడానికి 1937 దాకా పట్టింది. నవల వచ్చాక తొంభై ఏళ్ళు. కాబట్టి రాచెస్టర్ ఇరుక్కుపోయాడన్న మాట నిజం. చట్టం అతన్ని బంధించింది. అతను బెర్తాని బంధించాడు. ఈ రెండు బంధనాలూ ఒకే బరువు ఉన్నట్టు నవల మాట్లాడుతుంది, అక్కడ నేను ఒప్పుకోలేను.

ఎందుకంటే పెళ్ళయిన మరుక్షణం భార్య నగదూ షేర్లూ చట్టప్రకారం భర్తవి అయిపోతాయి. ముందుగానే ట్రస్టు రాయించుకుంటే తప్ప. ఈ పద్ధతి 1870లో కొంత, 1882లో గట్టిగా మారింది. ఆ 30,000 పౌండ్లు రాచెస్టర్ చేతికొచ్చాయి. ఆ రోజుల్లో ప్రభుత్వ బాండ్లు సుమారు మూడు శాతం ఇచ్చేవి. 30,000 మీద ఏడాదికి 900. బెర్తాకి కాపలా ఉండే గ్రేస్ పూల్‌కి, ఈ ఇంట్లో నా భార్యతో ఉండిపోతే ఏడాదికి 200 ఇస్తానంటాడు రాచెస్టర్. లెక్క మీరే చూడండి. బెర్తా సొమ్ము మీద వచ్చే వడ్డీలో పావు వంతు కన్నా తక్కువతో బెర్తాకి జైలరుని పెట్టవచ్చు, మిగతాది యూరప్ అంతా తిరగడానికి సరిపోతుంది. అతను తిరిగాడు కూడా, పదేళ్ళు. పాపకి పాఠాలు చెప్పే మనిషికి 30, పిచ్చిదానికి కాపలా కాసే మనిషికి 200. ఒక ఇంట్లో దేనికి ఎక్కువ ధర పలుకుతుందో చూస్తే ఆ ఇంటి భయాలు తెలుస్తాయి.

ఆ 30,000 ఎక్కడిది? బెర్తా తండ్రి జమైకాలో తోటల యజమాని, వ్యాపారి. నవల ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. కథ ఏ సంవత్సరంలో జరిగిందో కూడా తిన్నగా చెప్పదు. ఒకచోట వాల్టర్ స్కాట్ ‘మార్మియన్’ కొత్తగా వచ్చిన పుస్తకంలా కనిపిస్తుంది, అది 1808ది. ఇంకోచోట వాతావరణం 1830ల్లో ఉన్నట్టుంటుంది. పరిశోధకులు దీని మీద చాలా కొట్టుకున్నారు. మనం ప్రోగ్రామర్లం చేసినట్టు పై హద్దు పట్టుకుంటే చాలు. పుస్తకం వచ్చింది 1847లో. జేన్ తన పెళ్ళయి పదేళ్ళయిందని చివర్లో చెబుతుంది, అంటే పెళ్ళి 1837 తర్వాత అయ్యే వీల్లేదు. దానికి ఏడాది ముందు చర్చిలో చదివిన పత్రం ప్రకారం బెర్తా పెళ్ళి అప్పటికి పదిహేనేళ్ళ కిందటిది. అంటే ఎంత ఆలస్యంగా వేసుకున్నా 1821. బ్రిటిష్ వెస్టిండీస్‌లో బానిసత్వం రద్దయింది 1834లో. కథని మీరు ఏ ఏడాదికి జరిపినా ఆ కట్నం బానిసల చెరకు తోటల కాలంలోనే పడుతుంది. జమైకా తోటల యజమాని కూతురి కట్నం ఇంకే చెమట నుంచి వస్తుంది?

రద్దు సమయానికి జమైకాలో మూడు లక్షల పైచిలుకు మంది బానిసలు ఉన్నారు. 1831 క్రిస్మస్ రోజుల్లో వాళ్ళలో వేలమంది తిరగబడ్డారు, తర్వాత వందల మందిని ఉరితీశారు. 1833 చట్టం ప్రకారం బ్రిటిష్ ప్రభుత్వం 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది, బానిసలకి కాదు, యజమానులకి. ఆ ఏటి ప్రభుత్వ ఖర్చులో అది దాదాపు నలభై శాతం. దానికోసం తెచ్చిన అప్పు చివరి ముక్క బ్రిటన్ పన్నులు కట్టేవాళ్ళు తీర్చింది 2015లో. లండన్‌లో పనిచేస్తున్న మన తెలుగువాళ్ళ జీతాల్లోంచి కూడా అందులో కొంత పోయింది.

ఈ నవల్లో ‘బానిస’ అన్న మాట లేదా అంటే, బోలెడుసార్లు ఉంది. చిన్న జేన్ తనని కొట్టిన బావని బానిసల్ని తోలేవాడితో పోలుస్తుంది. గదిలో పెట్టి తాళం వేస్తే తను తిరగబడ్డ బానిసలా అనిపిస్తుంది. పట్టుబట్టల గొడవలో టర్కీ అంతఃపురంలో బానిసలకి స్వేచ్ఛ బోధిస్తానని రాచెస్టర్‌ని బెదిరిస్తుంది. రాచెస్టర్ అయితే, ఉంపుడుగత్తెని పెట్టుకోవడం బానిసని కొనడం తర్వాత అంతటి నీచమైన పని అని జేన్‌కి నీతి చెబుతాడు. జమైకా సొమ్ముతో బతికిన మనిషి ఈ మాట అంటుంటే జేన్‌కి గానీ షార్లట్‌కి గానీ చిన్న అనుమానం రాదు. పోలికలన్నిటికీ బానిసలు పనికొచ్చారు. మనిషిగా ఒక్కరూ నవల్లోకి రాలేదు. అంకెల దగ్గర ఇంత నిక్కచ్చిగా ఉండే జేన్, ఐదు పౌండ్లు బాకీ గుర్తుపెట్టుకున్న జేన్, ఈ ఒక్క బాకీ దగ్గర పుస్తకం మూసేస్తుంది. చదివిన ప్రతిసారీ నాకు గుచ్చుకునేది ఇదే.

నా కన్నా ముందు దీన్ని చాలామంది చెప్పారు. డొమినికా దీవిలో పుట్టిన జీన్ రీస్ 1966లో బెర్తా వైపు నుంచి ‘వైడ్ సర్గాసో సీ’ రాసింది. గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1985 వ్యాసంలో, జేన్ పూర్తి మనిషిగా ఎదగడానికి బెర్తా కాలిపోవాల్సి వచ్చిందని వాదించింది. రెండూ గొప్పవే. రీస్ నవల చదివాక థార్న్‌ఫీల్డ్ మూడో అంతస్తు మెట్లు ఎక్కడం కష్టం. అయితే ఈ విమర్శల ఊపులో జేన్‌ని తేలిగ్గా తీసేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. 1848 డిసెంబర్‌లో ఎలిజబెత్ రిగ్బీ అనే విమర్శకురాలు క్వార్టర్లీ రివ్యూలో ఈ పుస్తకం మీద విరుచుకుపడింది. దేవుడిచ్చిన స్థానంతో తృప్తి పడకుండా సణిగే ఈ గొంతూ, అప్పుడు దేశంలో అల్లరి చేస్తున్న చార్టిస్టు కార్మికుల గొంతూ ఒకటే అన్నది ఆమె ఆరోపణ. యూరప్ అంతా విప్లవాలు లేచిన ఏడాది అది. ముప్ఫై పౌండ్ల గవర్నెస్ యజమానితో సమానంగా మాట్లాడ్డం వాళ్ళకి నిజంగా భయం పుట్టించింది. ఆ ధైర్యం నకిలీ కాదు. దాని కింద జమైకా సొమ్ము ఉండటమూ అబద్ధం కాదు.

మధ్యలో ఒక పిట్టకథ. షార్లట్‌కి థాకరే అంటే భక్తి. 1848 జనవరిలో వచ్చిన రెండో ముద్రణని ఆయనకి అంకితం ఇచ్చింది. ఆయన భార్య ఇజబెల్లాకి 1840 నుంచీ మతిస్థిమితం లేదనీ, మనుషుల్ని పెట్టి వేరేచోట ఉంచారనీ హావర్త్‌లో కూర్చున్న షార్లట్‌కి తెలియదు. లండన్‌కి మాత్రం తెలుసు. ఇంకేముంది, కరర్ బెల్ అనేది థాకరే ఇంట్లో పనిచేసిన గవర్నెసే, థాకరేనే రాచెస్టర్ అని పుకారు లేచింది. షార్లట్ సిగ్గుతో చచ్చిపోయింది. థాకరే మర్యాదగానే ఊరుకున్నాడు. ఆయన 1863లో పోయాడు, ఇజబెల్లా 1894 దాకా బతికింది. నవల్లో భార్య సమయానికి మేడ మీంచి దూకింది. బయట అలా జరగలేదు, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోనూ లేదు.

మన దేశం ఈ నవల్లోకి వచ్చేది సెయింట్ జాన్ రివర్స్ వల్ల. మేనత్త కొడుకు, మన లెక్కలో వరసైన బావ. అందగాడు, మంచుగడ్డ లాంటి మనిషి. మిషనరీగా ఇండియాకి వెళ్ళబోతూ, జేన్ చేత హిందుస్థానీ నేర్పించి, నా భార్యగా రా అంటాడు. ప్రేమ లేదని దాచడు, సేవకి పనికొస్తావు అంటాడు. జేన్ ఇండియా వస్తానంటుంది, చెల్లెలిగా. వరసైన బావని అన్నయ్యా అనడం మన ఇళ్ళల్లో పెళ్ళి తప్పించుకునే పాత ఉపాయమే, చదువుతుంటే నవ్వొస్తుంది.

ఈ పాత్ర వెనక హెన్రీ మార్టిన్ ఉన్నాడని విమర్శకులు అంటారు. 1806లో ఇండియా వచ్చి, కొత్త నిబంధనని హిందుస్థానీలోకి అనువదించి, 1812లో టర్కీలోని తోకాట్‌లో ముప్ఫై ఒకటో ఏట చనిపోయినవాడు. అతను ప్రేమించిన లిడియా గ్రెన్‌ఫెల్ ఇండియాకి రానంది. కేంబ్రిడ్జ్‌లో ఐరిష్ పేద విద్యార్థి పాట్రిక్ బ్రాంటీకి, అంటే షార్లట్ నాన్నకి, చదువు డబ్బు ఏర్పాటు చేయించిన మనిషి కూడా ఈ మార్టినే. ఇంట్లో విన్న పేరన్నమాట. ఇలాంటివాళ్ళు మనకీ తెలుసు. షార్లట్ కంటే కొద్దేళ్ళు పెద్దవాడైన రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం వచ్చి, 1843లో బడి పెట్టి, బ్రహ్మచారిగానే ఉండి, 1865లో అక్కడే పోయాడు. నోబుల్ కాలేజీ ఆయన పేరుదే. సెయింట్ జాన్ నవల్లోంచి బయటికొచ్చి ఎక్కడ దిగి ఉంటాడో ఊహించుకోవాలంటే నాకు బందరే గుర్తొస్తుంది.

ఈ ప్రేమ నవల చివరి పేరా ప్రేమికుల గురించి కాదు. ఇండియాలో చావుకి దగ్గరపడ్డ సెయింట్ జాన్ గురించి. మొదటిసారి చదివినప్పుడు ఇదేంటి అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. జేన్ జీవితం ఇంగ్లండ్‌లో వెచ్చగా ఒదిగిపోవడానికి ఒక ఆడమనిషి జమైకా నుంచి రావాలి, ఒక మగమనిషి ఇండియాకి వెళ్ళిపోవాలి. జేన్‌కి ఇండియా అంటే ఎండకి మనుషులు చచ్చిపోయే చోటు, సతి అనే ఆచారం ఉన్న చోటు. చావులోనూ తోడుండాలని రాచెస్టర్ పాట పాడితే, నేనేమీ సతి చెయ్యను అని ఎకసెక్కమాడుతుంది. ఆ ఎకసెక్కం నాకు నచ్చుతుంది, ఇండియా ఎకసెక్కానికి మాత్రమే పనికిరావడం నచ్చదు.

పుస్తకాన్ని అచ్చేసిన స్మిత్ ఎల్డర్‌కి పుస్తకాలు ఒక వ్యాపారం మాత్రమే. రెండోది ఇండియాలో ఉన్న కంపెనీ ఉద్యోగులకీ సైనికాధికారులకీ సరుకులు పంపడం, వాళ్ళ డబ్బు వ్యవహారాలు చూడటం. అక్కడ పనిచేసే జేమ్స్ టేలర్ షార్లట్ రాతప్రతులు చదివే మనిషి. 1851లో పెళ్ళి ప్రస్తావన తెచ్చాడు. ఆమెకి మనసొప్పలేదు. అతను కంపెనీ పని మీద బొంబాయి వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ ముందు రాసిన కథ కాస్త దుస్తులు మార్చుకుని ఇంటికొచ్చిందన్నమాట.

ఇప్పుడు జేన్ 20,000 సంగతి. మదీరా వైన్ వ్యాపారి బాబాయిది, జమైకా మేసన్ కంపెనీతో లావాదేవీలున్నవాడే. నలుగురికీ పంచాక జేన్ వాటా 5,000. మూడు శాతం చొప్పున ఏడాదికి 150, గవర్నెస్ జీతానికి ఐదు రెట్లు. ఆ ధీమాతోనే రాచెస్టర్ దగ్గరికి తిరిగి వెళ్ళి, మీరు నన్ను ఉండనివ్వకపోతే మీ ఇంటి పక్కనే సొంత ఇల్లు కట్టుకుంటాను అంటుంది. ఆ వాక్యం దగ్గర ప్రతిసారీ నా మొహం వెలిగిపోతుంది. తర్వాత కొద్ది పేజీల్లోనే పెళ్ళి చేసుకుంటుంది. ట్రస్టు ప్రస్తావన ఎక్కడా లేదు. చట్టప్రకారం ఆ 5,000 చర్చి గుమ్మం దాటేసరికి రాచెస్టర్‌వి. బెర్తా 30,000 వెళ్ళిన ఖాతాలోకే ఇవీ వెళ్ళాయి. నా సొమ్ము నాది అని మొదటి పేజీ నుంచీ పోరాడిన మనిషి, ఆ పోరాటంతోనే తన మొదటి పెళ్ళిని ఆపుకున్న మనిషి, చివర్లో అంకె చెప్పడం మానేస్తుంది.

షార్లట్ మానలేదు. నాన్న దగ్గర అసిస్టెంటుగా ఉన్న ఆర్థర్ బెల్ నికల్స్ 1852 చివర్లో ఆమెని పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. నాన్న మండిపడ్డాడు, నానా గొడవా అయి 1854 జూన్ 29న పెళ్ళి జరిగింది. దానికి కొద్దివారాల ముందు షార్లట్ ఒక ఒప్పందం రాయించింది. నవలల మీదా షేర్ల మీదా కూడబెట్టిన 1,600 పౌండ్ల పైచిలుకు సొమ్ముని ట్రస్టులో పెట్టించింది. స్నేహితురాలు మేరీ టేలర్ సోదరుడు దానికి ట్రస్టీ. భర్త దాన్ని ముట్టుకోవడానికి లేదు. పిల్లలు లేకుండా ఆమె ముందు పోతే డబ్బు నాన్నకి చెందుతుంది. నికల్స్ ఏమీ అనకుండా సంతకం పెట్టాడు.

పెళ్ళయిన ఎనిమిది నెలలకి, 1855 ఫిబ్రవరిలో, మంచం పట్టిన షార్లట్ వీలునామా రాసింది. మొత్తం నికల్స్‌కే ఇచ్చింది. మార్చి 31న పోయింది, ముప్ఫై తొమ్మిదో పుట్టినరోజుకి మూడు వారాల ముందు. నికల్స్ ఆ డబ్బు తీసుకుని ఊరు వదిలి పోలేదు. ఆరుగురు పిల్లల్నీ పోగొట్టుకున్న మామగారిని చూసుకుంటూ, ఆయన 1861లో కన్నుమూసేదాకా ఆ చర్చి ఇంట్లోనే ఉన్నాడు.